ఊరి వీరునికి ఊరు చేయవలసిన మర్యాద

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



డిసెంబరు 7వ తేదీ సాయుధ దళాల పతాక దినము. 1949వ సంవత్సరము నుండి మన దేశమున ఏటేటా ఈ దినమును జరుపుకొనుచున్నాము. ఆనాడు గ్రామములలో సభలు జరుగును. జూలై 26వ తేదీన కార్గిల్ విజయ దినమునకును, డిసెంబరు 16వ తేదీన 1971 యుద్ధ విజయ దినమునకును పలుచోట్ల సభలు జరుగుచున్నవి. ఈ సభలను ఎట్లు నడుపవలెనో చెప్పుమని మమ్ము పిలిచినారు. చెప్పుటకు ముందు మా తప్పు నొకదానిని మీ యెదుట ఒప్పుకొనుట మంచిదని తోచుచున్నది.

కొన్నేండ్ల క్రిందట ఒక గ్రామమున, సరిహద్దులో ప్రాణము లర్పించిన జవాను ఒకనికి స్మారక స్తూపము కట్టినారు. ఆవిష్కరణ సభకు కార్యక్రమ పట్టికను తయారు చేసినది మేమే. ఉదయము పది గంటలకు సభ యని దండోరా వేయించితిమి. అతిథులు వచ్చునప్పటికి పన్నెండు దాటినది. వేదికపై పదునేడు కుర్చీలు. పదునేడు మందికి పదునేడు దండలు, పదునేడు శాలువలు. జవాను తల్లి మొదట ముందు వరుసలోనే కూర్చుండినది. తరువాత ఎవరో పెద్దలు వచ్చిరని ఆమెను లేపి వెనుకకు పంపిరి. ఒంటిగంట దాటిన పిమ్మట ఆమె మా వద్దకు వచ్చి, మెల్లగా, "అయ్యా, మావాడి పేరు ఎప్పుడు సదువుతారయ్యా?" అని అడిగినది.

మేము చేతిలోని కాగితము చూచుకొంటిమి. స్వాగతము మొదలు వందన సమర్పణము వరకు పదునాలుగు అంశము లున్నవి. పేరు చదువుట యను అంశము అందులో లేదు. వేదిక మీది పెద్దలందరి పేర్లను బిరుదులతో సహా మూడేసి మారులు చదివియుంటిమి. ఎవరి కొరకు సభ పెట్టితిమో అతని పేరును "మన గ్రామ ముద్దుబిడ్డ" యనియు, "అమరవీరుడు" అనియు అనుటయే గాని, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, పటాలము పేరుతో ఒక్కమారైనను ఎవరును చదువలేదు.

అప్పటి నుండి ఏ గ్రామమునకు పోయినను మేము మొట్టమొదట చెప్పు మాట యొక్కటే. సభ ప్రారంభమైన వెంటనే, ఏ అతిథి పేరునకైనను ముందు, మృతుని పూర్తి పేరు చదువవలెను. అందరును నిలుచుండి వినవలెను. అతిథి రాలేదని ఆ పని ఆపరాదు.

వీరుని స్మరించుట మన పల్లెలకు ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. ఊరి పొలిమేరలోను, చెరువుగట్టు మీదను, పాత గుడి ప్రక్కను కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాళ్లు మీలో చాలమంది చూచియుందురు. అవి వీరగల్లులు. ఊరి పశువులను దొంగలు తోలుకొని పోవుచుండగా అడ్డుపడి మడిసినవానికి, ఊరి కొరకు పోరాడి కూలినవానికి వెనుకటివారు నిలిపిన రాళ్లవి. కొన్ని రాళ్లపై క్రింది భాగమున పోరు, నడుమ వీరుని స్వర్గమునకు తీసికొనిపోవు అప్సరసలు, పైన శివలింగము కనబడును. కొన్నిటిపై శాసనము కూడ ఉండును. ఇట్టి రాళ్లకు బర్రెలను కట్టుటయు, వానిపై బట్టలు ఉదుకుటయు మేము కన్నులార చూచితిమి. ఊరివారి నడిగితే "ఏదో పాత రాయండి" అన్నారు. మీ గ్రామమున అట్టిది యున్న యెడల, కొత్త స్తూపమునకు చందా వసూలు చేయుటకు ముందు దానిని కడిగించి, నిలబెట్టించి, పురావస్తు శాఖవారికి ఒక ఉత్తరము వ్రాయించుడు.

పల్నాటి సంగతి మీకు తెలియనిది కాదు. కారెంపూడిలో నాగులేటి యొడ్డున ప్రతి సంవత్సరము కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు వీరారాధనము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క పేరు. శతాబ్దములు గడచినను అక్కడ మడిసినవారి పేర్లు నేటికిని నోటికి వచ్చుచున్నవి. ఆ వీరులలో మాల కన్నమదాసు కూడ ఉన్నాడు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి పెట్టించిన చాపకూడును ఆ ఉత్సవములలో నేటికిని వడ్డించుచున్నారు. ఈ ముక్కను ఊరకే చెప్పుటలేదు. తిరిగి దాని దగ్గరకు వచ్చెదము.

పేరు సంగతి ఇంకను కొంత చెప్పవలసియున్నది. 1999లో కార్గిల్ యుద్ధము జరిగినప్పుడు మృతుల భౌతికకాయములను స్వగ్రామములకు చేర్చినారు. పూర్వపు యుద్ధములలో సాధారణముగా అట్లు జరుగలేదు. 1962లోను, 1965లోను, 1971లోను ప్రాణములు కోలుపోయిన జవానులలో పెక్కుమందికి యుద్ధభూమికి దగ్గరలోనే అంత్యక్రియలు జరిగినవి. ఇంటికి వచ్చినది ఒక తంతి, తరువాత ఎప్పుడో ఒక పెట్టె. ఊరిలో సమాధి లేదు, ఊరేగింపు లేదు. కాబట్టి ఇటీవల మడిసినవారిని ఎరిగిన ఊరే, అరువది యేండ్ల క్రిందటి వానిని ఎరుగక పోవచ్చును. ఆ తరము ముసలివారు ఒకరొకరే దాటిపోవుచున్నారు. ఇది ఆలస్యము చేయదగిన పని కాదు.

ఎట్లు వెదకవలెనందురా? న్యూఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకములో, స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మడిసిన ఇరువది అయిదు వేలమందికి పైగా సైనికుల పేర్లు త్యాగచక్రమను వలయమున రాతి పలకలపై చెక్కబడియున్నవి. ఆ పేర్లను కంప్యూటరులోను చూడవచ్చును. మీ ఊరి పిల్లలలో ఎవనికైనను అప్పగించిన యెడల ఒక్క పూటలో వెదకి పెట్టును. అంతకు పూర్వము రెండు ప్రపంచయుద్ధములలో పోయినవారి పేర్లు కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘమువారి పట్టికలలో ఉన్నవి. ఢిల్లీలోని ఇండియా గేటుపైన పదమూడు వేలకు పైగా పేర్లున్నవి. అంతకంటె దగ్గరి సహాయము జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము. పేరు సరిచూచుకొనుటకు ఊరి బడిలోని అడ్మిషన్ రిజిస్టరు వంటిది మరియొకటి లేదు. అబ్బాయి బడిలో చేరిన నాటి ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేది అందులో ఉండును. మేము చెప్పిన గ్రామమున స్తూపముపై జవాను ఇంటిపేరు ఒక అక్షరము తప్పుగా చెక్కినారు. చందాదారుల పేర్లలో మాత్రము ఒక్క తప్పును లేదు! పైగా వారి పేర్ల అక్షరములు వీరుని పేరుకంటె పెద్దవి.

ఆ పెద్ద అక్షరముల సంగతి నవ్వి విడువదగినది కాదు. రాతిపై వీరుని పేరు, హోదా, పటాలము, మరణించిన స్థలము, తేది ఉండిన చాలును. కట్టించినవారి పేర్లు పంచాయతీ తీర్మానముల పుస్తకములో వ్రాసికొనుడు. అక్కడ అవి నూరేండ్లు భద్రముగా నుండును. 2023 ఆగస్టులో "నా నేల, నా దేశము" కార్యక్రమము క్రింద అనేక గ్రామ పంచాయతీలలో శిలాఫలకములు నిలిపినారు. మీ ఊరిలో అది యున్న యెడల వేరొక స్తూపము కొరకు ధనము వెచ్చింపక, ఆ ఫలకము దగ్గరనే స్మరణ జరుపుకొనవచ్చును. ముందు దానిపై అంటించిన వాల్‌పోస్టర్లను గీకివేయించుడు.

ఇక రాయి ఎచ్చట నిలుపవలె ననునది. ఇచ్చటనే చాపకూడును జ్ఞప్తి చేసికొనవలెను. మొదటి ప్రపంచయుద్ధమున మడిసిన ఆసియా, ఆఫ్రికా సైనికులలో 45,000 నుండి 54,000 మంది వరకు తక్కినవారితో సమానమైన స్మరణకు నోచుకొనలేదని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘమే 2021లో తన నివేదికలో ఒప్పుకొన్నది. చచ్చినవారందరు సమానులని నియమము పెట్టుకొన్న సంస్థయే, తెల్లవారికి విడివిడిగా పేరు చెక్కి, అనేకులకు మొత్తముగా ఒక అంకె వేసి ఊరకుండినది. నూరేండ్ల తరువాత క్షమాపణ చెప్పినది. ఆ మాట చదివి మనము తెల్లవారిని తప్పుపట్టుట సులభము. మన గ్రామమున ఎస్సీ కాలనీ కుర్రవాడు సైన్యమున మడిసిన యెడల "రాయి కాలనీలో పెట్టుకొనుడు" అనియు, పెద్దవీధి కుర్రవాడు మడిసిన యెడల "రచ్చబండ దగ్గర పెట్టుదము" అనియు అనిన పంచాయతీ లేదా? అతడు కాపు కాసినది ఒక వీధిని కాదు. ఊరందరు నడచు చోట, బడి దగ్గరనో పంచాయతీ కార్యాలయము ముందరనో, అందరి పేర్లును ఒకే రాతిపై, మరణించిన తేదీల వరుసలో చెక్కించుడు. హోదా వరుస వద్దు, వీధి వరుస వద్దు.

సూర్యాపేట కర్నలు బిక్కుమళ్ల సంతోష్‌బాబుగారిని ఎరుగనివారు మనలో లేరు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16వ బీహార్ పటాలమునకు నాయకుడై పోరాడి మరణించిన ఆయనకు మహావీరచక్రము వచ్చినది. సూర్యాపేటలో ఆయన విగ్రహము వెలసినది. ఆ ఘర్షణలో మన సైనికులు మొత్తము ఇరువది మంది మడిసిరి. తక్కిన పందొమ్మిది మంది పేర్లు మనలో ఎందరు చెప్పగలరు? వారిని వారి వారి ఊళ్లు తలచుకొనవలెను. మన ఊళ్లనుండి పోయిన సిపాయిలను మనము తలచుకొనవలెను. పోలీసులను కూడ మరువరాదు. 1959 అక్టోబరు 21న లడక్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద పదిమంది కేంద్ర రిజర్వు పోలీసులు చైనా సైనికుల కాల్పులలో మడిసిరి. ఆ తేదీయే పోలీసు అమరవీరుల సంస్మరణ దినమైనది.

జాతీయ పతాకము విషయమున గ్రామములలో జరుగు తప్పులు ఎక్కువ. చెడుబుద్ధితో చేయునవి కావు, తెలియక చేయునవి. మేము చెప్పిన సభలో స్తూపముపై కప్పిన వస్త్రము మూడురంగుల పతాకమే. దానిని లాగి ఆవిష్కరించినారు, చప్పట్లు కొట్టితిమి. జాతీయ గౌరవమునకు అవమానము నివారించు 1971 నాటి చట్టము ప్రకారము విగ్రహమునకు గాని, స్మారకమునకు గాని, ఉపన్యాసకుని బల్లకు గాని పతాకమును ముసుగుగా వాడరాదు. పతాకమును ప్రక్కన వేరుగా, ప్రముఖముగా ఎగురవేయవచ్చును. ముసుగునకు తెల్లబట్ట చాలును.

రెండవ తప్పు సగమెత్తున ఎగురవేయుట. దుఃఖమునకు గుర్తుగా మన యంతట మనము పతాకమును సగమునకు దింపరాదు. ప్రభుత్వము ఉత్తరువు ఇచ్చి, ప్రభుత్వ భవనములపై దింపిన సందర్భములలో మాత్రమే అది చెల్లును. అట్టి దినమున కూడ ముందు పతాకమును కొసవరకు ఎత్తి, క్షణమాత్రము నిలిపి, తరువాత సగమునకు దింపవలెను. సాయంకాలము దించునప్పుడు మరల కొసవరకు ఎత్తిన పిమ్మటనే దించవలెను. స్మరణ దినమున మీ పంచాయతీ కార్యాలయముపై పతాకము పూర్తిగా ఎగురవలెను. జవాను పోయినాడు గాని దేశము తల వంచలేదు గదా!

మూడవది శవపేటిక. సైనిక లాంఛనములతో అంత్యక్రియ జరుగునప్పుడు పతాకమును కాషాయపు రంగు తలవైపు ఉండునట్లు కప్పుదురు. దానిని చితిలో కాల్చరాదు, గోతిలోనికి దింపరాదు. ముందే తీసి, మడిచి, సైనికులు కుటుంబము వారి చేతికి అప్పగింతురు. ఆ పని వారికి వదలివేయుడు. అభిమానముతో ఊరి యువకులు పతాకమును చేతులు మార్చుకొనుటయు, దానితో ఫొటోలు దిగుటయు మేము చూచితిమి. సైన్యము, కేంద్ర బలగముల అంత్యక్రియలు, ప్రభుత్వ లాంఛనముల అంత్యక్రియలు తప్ప మరి యెవరి శవముపైనను, వారు ఎంతటి పెద్దమనుషులైనను, జాతీయ పతాకమును కప్పరాదు. పతాకముపై అక్షరములు వ్రాయరాదు. వీరుని పేరైనను సరే. పిల్లలకు పంచిన కాగితపు జెండాలు సభ ముగిసిన తరువాత నేలపై పడి కాళ్లక్రింద నలుగకుండ ఏరించుటకు ఇద్దరిని నియమించుడు.

మౌనము సంగతి చెప్పెదము. జనవరి 30న ఉదయము పదకొండు గంటలకు దేశమంతటను, స్వాతంత్ర్య పోరాటమున ప్రాణములర్పించినవారి స్మృతికి రెండు నిమిషములు మౌనము పాటించుట మీకు అలవాటే. అదే పద్ధతి చాలును. సాధారణముగా మైకు ముందరి పెద్దమనిషి "రెండు నిమిషములు మౌనము" అని, ముప్పది లెక్కించి "కూర్చోండి" అనుచున్నాడు. గడియారము చూచుటకు బడి పంతులుగారిని పెట్టుడు. బడిగంట ఒకమారు మ్రోగినప్పుడు మొదలు, మరల మ్రోగినప్పుడు ముగింపు. మైకు కట్టివేయించుడు, వీలైన యెడల ప్రక్కనున్న పిండిమర కూడ. పసిపిల్ల ఏడ్చిన యెడల తల్లిని గదమవలదు. ఆ ఏడుపు మౌనమునకు భంగము కాదు. సెల్‌ఫోను మ్రోగుట భంగము.

టపాకాయలు కాల్చుట, సినిమా పాటలు వేయుట ఆ దినమున పనికిరావు. విజయ దినమున మిఠాయిలు పంచిన తప్పు లేదు. ఆ విజయమునకు వెల చెల్లించిన ఇంటివారి యెదుట మాత్రము పంచవలదు. హిందువుల ఇంటి బిడ్డకు ఒక తీరు, ముస్లిముల ఇంటి బిడ్డకు ఒక తీరు, క్రైస్తవుల ఇంటి బిడ్డకు ఒక తీరు మతాచారము ఉండును. అది వారి ఇంటిలోనో, గుడిలోనో, మసీదులోనో, చర్చిలోనో జరుపుకొందురు. ఊరి సభకు పువ్వులు, పేరు, మౌనము చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. మన పల్లెలలో భర్త పోయిన స్త్రీని శుభకార్యమునకు ముందుకు రానీయని దురాచారము ఇంకను తొలగలేదు. జవాను భార్యను "వీరనారి" యని మైకులో పిలిచి, కొబ్బరికాయ కొట్టుటకు, జ్యోతి వెలిగించుటకు మాత్రము మరియొకరిని పిలుచు సభలను మేము చూచితిమి. మొదటి పువ్వు ఆమెదే కావలెను. ఆమె తరువాత తల్లి, తండ్రి, బిడ్డలు. వారి తరువాతనే సర్పంచి, అతిథులు. అయితే బలవంతము చేయరాదు. సభకు ముందుదినమున పంచాయతీలోని స్త్రీ సభ్యురాలు ఇంటికి పోయి, "అమ్మా, ఏమి చేయమందువు? నీకు మాటలాడవలెనని యున్నదా, ఊరక కూర్చుండవలెనని యున్నదా?" అని అడిగి రావలెను. కొందరికి శాలువ కప్పించుకొనుట గౌరవము, కొందరికి అది గుండెకోత. తిరిగి పెండ్లి చేసికొన్న స్త్రీ యైనను ఆమెకు రావలసిన గౌరవము తగ్గదు. ఆమె రానన్న యెడల ఎందుకని అడుగరాదు.

ఇంటిస్థలము, పింఛను కాగితములు, పిల్లల చదువు ఇట్టి విషయములను ఆనాటి సభలో వాగ్దానములుగా చేయవలదు. మరుదినమున పంచాయతీ కార్యాలయమున కూర్చుండి దరఖాస్తు వ్రాయించి, తోడు పోయి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో ఇప్పించుడు. సభలో చెక్కు చేతికిచ్చి ఫొటో తీయించుకొనుట మాకు నచ్చదు. మా శాఖవారే అట్టి ఫొటోలు అడుగుదురని మీరనవచ్చును. ఇకమీదట మేము అడుగము.

సైనికుల ఊరన్న మాటకు ఉదాహరణ కావలెనన్న పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమును చూడుడు. మొదటి ప్రపంచయుద్ధ కాలము నుండి తరతరములుగా ఆ ఊరి ఇండ్లనుండి సైన్యములో చేరుచుండుటచే దానిని "మిలటరీ మాధవరము" అని పిలుచుచున్నారు. ఊరిలో స్మారకము కలదు. అట్టి ఊళ్లలో ఈ మర్యాద ఒకరు నేర్పవలసినది కాక, అలవాటుగా వచ్చినది. మన ఊళ్లలో ఒకడే జవాను ఉండవచ్చును. ఒక్కని కొరకు పంచాయతీ ప్రతి సంవత్సరము అరగంట కేటాయింపలేదా?

పతాక దినపు చందా మాట రెండు ముక్కలలో ముగింతును. ఎరుపు, ముదురు నీలము, లేత నీలము రంగుల చిన్న జెండా త్రివిధ దళములకు గుర్తు. దానిని రొమ్మున పెట్టి ప్రజలిచ్చు సొమ్ము పతాక దిన నిధికి చేరును. యుద్ధమున దెబ్బతిన్నవారికిని, మృతుల కుటుంబములకును, సైనికుల, మాజీ సైనికుల సంక్షేమమునకును ఉపయోగపడును. బలవంతపు వసూలు కూడదు. రసీదు తప్పక ఇప్పించుడు.

మొదట చెప్పిన గ్రామమునకు మరుసటి సంవత్సరము మేము మరల పోతిమి. ఈ మారు పంచాయతీవారు అతిథులను పిలువలేదు. కార్యక్రమ పట్టికయు అచ్చువేయలేదు. తప్పు పడిన అక్షరమును శిల్పిచేత సరిచేయించినారు. బడిగంట మ్రోగినది. అయిదవ తరగతి పిల్ల జవాను పేరును, తండ్రి పేరును, పటాలమును, తేదీని చదివినది. తల్లి మొదటి పువ్వు పెట్టినది. అంతయు ఇరువది అయిదు నిమిషములు. పిమ్మట ఆమె తన ఇంటి అరుగుపై కుండ పెట్టుకొని, వచ్చినవారికందరికి మజ్జిగ పోసినది. మాకును పోసినది.

మధ్యాహ్న భోజనమైన తరువాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారు ఈ హాలులోనే కూర్చుందురు. మీ ఊరినుండి సైన్యమున చేరి తిరిగిరానివారి పేర్లను, తెలిసినంతవరకు, ఒక కాగితముపై వ్రాసి వారికి ఇచ్చి పొండు. తేది తెలియకున్నను, ఇంటిపేరు సరిగా తెలియకున్నను వ్రాయుడు. ఊరి పేరు మాత్రము మరువవలదు.